దానపత్రంలో ఐదో షరతు

నాయుడుపేటలో ఓ సీనియర్ న్యాయవాది తాను లా చదువుకున్న శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి ఐదు లక్షలు ఇద్దామనుకున్నాడు. న్యాయశాస్త్రంలో మొదటి స్థానం వచ్చినవాళ్లకు ఏటా ఒక బంగారు పతకం, దానికి తన తండ్రి పేరు. దానపత్రం ముసాయిదా తయారు చేయమని జూనియర్‌కు చెప్పాడు. ఆ అమ్మాయి రాయలేదు. వాదన అక్కడ పుట్టింది.

వీళ్లిద్దరూ ఫలానావాళ్లని ఎవరూ వెతుక్కోనక్కర్లేదు. ఇలాంటి సీనియర్ మన చిన్న ఊళ్ల కోర్టుల్లో ఎప్పటినుంచో ఉన్నాడు, ఇలాంటి జూనియర్ ఈమధ్యనే కనిపిస్తోంది. పేర్లు పెడితే ఎవరో ఒకరు తామేననుకుంటారని పెట్టలేదు. ఆయన నల్లకోటు తొడిగిన రోజుల్లో ఇక్కడ ప్రాక్టీసంటే పార్టిషన్ దావాలు, గట్టు తగాదాలు, ప్రోనోటు కేసులు. తర్వాత మద్రాసు రోడ్డు వెడల్పయి లారీలు పెరిగాయి, వాటితోపాటు ప్రమాద నష్టపరిహారం కేసులు పెరిగాయి. మేనకూరు దగ్గర సెజ్ వచ్చింది, భూసేకరణ పరిహారం కేసులు వచ్చాయి. 2022లో మండలమే నెల్లూరు జిల్లా విడిచి తిరుపతి జిల్లాలో చేరింది. కానీ తిరుపతి అనగానే ఆయనకు కొండకంటే ముందు యూనివర్సిటీ గుర్తొస్తుంది. ఇంట్లోవాళ్లు దీనికి ఆయన్ని ఇంకా క్షమించలేదు.

సీనియర్: ముసాయిదా యాడమ్మా? చెప్పి వారం దాటిపాయె.

జూనియర్: రాద్దామనే కూర్చున్నాను సార్. ఈ పతకంతో ఎవరికి ఏమొస్తుందో తేలక ఆగాను.

సీనియర్: తేలకపోయేదానికి ఏముండాది? బాగా చదివినోళ్లకు గుర్తింపు. మా నాయన బళ్లోకి పోయినోడు కాదు. మాగాణి తాకట్టు పెట్టి నన్ను తిరుపతికి పంపించాడు. ఆయన పేరు ఏడాదికోసారి ఆ స్నాతకోత్సవంలో వినపడాలని నా ఆశ. తప్పంటావా?

జూనియర్: ఆశలో తప్పు లేదు సార్, లెక్కలో ఉంది. ఐదు లక్షలు బ్యాంకులో డిపాజిట్ చేసి వడ్డీతో పతకం చేయిస్తారు. ఏడు శాతం వేసుకున్నా ఏడాదికి ముప్పై అయిదు వేలు. బంగారం ఇప్పుడున్న ధరకు అందులో వచ్చేది గోరంత. వడ్డీ ఎప్పటికీ అంతే ఉంటుంది, బంగారం ధర ఆగదు. పాతకాలం వాళ్లు వెయ్యి, రెండు వేలు కట్టి పెట్టిన పతకాలు వెండి మీద బంగారు పూతకు దిగిన సంగతి మీకు తెలియంది కాదు. ఇంకో ఇరవై ఏళ్లకు మీ నాన్నగారి పేరు పూత మీద ఉంటుంది.

సీనియర్: పూతైనా పేరు పేరే. పన్ను కోసం ఇస్తా ఉండానని మాత్రం అనుకోవద్దు. కొత్త పన్ను విధానంలోకి మారినాక 80జీ రసీదు నాకు దేనికీ పనికిరాదు.

జూనియర్: అది నాకు తెలుసు సార్, మీ రిటర్ను కాగితాలు సర్దింది నేనేగా. మీరు ఎందుకు ఇస్తున్నారో అడగలేదు. ఎవరికి ఇస్తున్నారో అడుగుతున్నాను.

సీనియర్: నన్ను మనిషిని చేసిన చోటికి. నా కాలంలో ఫీజు ఎంతో చెప్తే నువ్వు నవ్వుతావు. దాదాపు ఉత్తినే చదివించారు. ఆ రుణం తీర్చుకోవద్దా?

జూనియర్: అక్కడే నాకు పేచీ. ఉత్తినే చదివించింది ఎవరు? 1954లో యూనివర్సిటీ పెట్టినప్పుడు స్థలం టీటీడీ ఇచ్చింది. ఆ టీటీడీకి డబ్బు ఎక్కడిది? ఎక్కడెక్కడినుంచో కాలినడకన వచ్చి ముడుపు కట్టుకున్న రూపాయి హుండీలో వేసిన ముసలమ్మలది. మేష్టర్ల జీతాలు ప్రభుత్వం ఇచ్చింది, అంటే కిరసనాయిలు మీద కూడా పన్ను కట్టినవాళ్లది. మీ రుణం వాళ్లకు సార్. పేరూ పతకమూ మధ్యవర్తికి ఇస్తానంటున్నారు.

ఈ మాటకు ఆయన దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. కోర్టులో ఇలాంటప్పుడు సీనియర్లు పాయింటు మార్చేస్తారు, ఆయనా మార్చాడు. నాకు మాత్రం ఇది ఈ వాదన మొత్తంలో గట్టి దెబ్బ అనిపించింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చదివినవాడి అప్పు ఇటుకలకూ సిమెంటుకూ కాదు. అప్పిచ్చినవాడు రసీదు అడగలేదు గనుక, తిరిగి చెల్లించే చోటు మనమే వెతుక్కోవాలి.

సీనియర్: సరే. మధ్యవర్తనే అనుకో. ఆ మధ్యవర్తి బతికితేనే గదా నీలాంటోళ్లు చదివేది? ఇంజనీర్లను చూడు. నీలేకని 2023లో ఐఐటీ బొంబాయికి 315 కోట్లు ఇచ్చాడు. మన బాపట్ల ఆయన చివుకుల కృష్ణ 2024లో ఐఐటీ మద్రాసుకు 228 కోట్లు. లాయర్ల పేరు యాడైనా విన్నావా? ఊరంతా తిట్టేది మనల్నే, ఇచ్చేకాడ మాత్రం మనం లేం.

జూనియర్: విన్నాను సార్, అమెరికాలో. 2019లో పెన్సిల్వేనియా లా స్కూలుకు కేరీ కుటుంబం ఫౌండేషన్ 12.5 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఆ ఇంటివాళ్లు అక్కడే చదివినవాళ్లు. స్కూలు పేరులో వాళ్ల పేరు చేర్చి, పొట్టిగా కేరీ లా అని పిలుస్తామన్నారు. విద్యార్థులూ పూర్వ విద్యార్థులూ గొడవ చేస్తే ఆ పొట్టిపేరును కొన్నేళ్లు వాయిదా వేశారు. డబ్బు తీసుకున్నవాళ్లకు పేరు అమ్మడం తప్పలేదు, చదివినవాళ్లకు సిగ్గు తప్పలేదు.

సీనియర్: నేను యూనివర్సిటీ పేరు మార్చమనలేదే!

జూనియర్: బార్ కౌన్సిల్ నిబంధన 36 ప్రకారం లాయరు తన గురించి ప్రకటన ఇచ్చుకోకూడదు. శిలాఫలకం మీదా పతకం మీదా మాత్రం చెక్కించుకోవచ్చు. ఎవరు కనిపెట్టారో గానీ మంచి వెసులుబాటు.

సీనియర్: నోరు బో పదునుగా ఉండాది. ఈ పదును రేపు అవతలి పార్టీ మీద చూపించు.

ఆయన కోపం ఎక్కువసేపు నిలవదు. గుమాస్తా టీ తెచ్చాడు, వాయిదాల డైరీలో ఒక తేదీ గురించి గొడవ పడ్డారు. ఆ తర్వాత ఆయన దుర్గాబాయమ్మ పేరు ఎత్తాడు. ఎత్తకుండా ఉంటే బాగుండేదని తర్వాత ఆయనే అనుకుని ఉంటాడు.

సీనియర్: నీకు ఆడోళ్ల ఉదాహరణే చెప్తా. దుర్గాబాయి దేశ్‌ముఖ్. మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు చేసింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివినందుకు జీవితమంతా చదువుల కోసమే పాటుపడింది. ఆంధ్ర మహిళా సభ పెట్టింది. ఆమెకు ఆ యూనివర్సిటీ గౌరవ డాక్టరేటు ఇచ్చింది, ఆమె పేరుతో అక్కడ మహిళా అధ్యయన కేంద్రమూ ఉండాది. పూర్వ విద్యార్థి అంటే అట్టుండాల.

జూనియర్: ఆమె అక్కడ చదువులో చేరింది ఎట్లాగో కూడా చెప్పండి సార్.

సీనియర్: చెప్తే ఏముండాది?

జూనియర్: నేను చెప్తాను. 1930ల్లో ఆమె వాల్తేరు వెళ్లి సీటడిగితే, ఆడపిల్లలకు హాస్టల్ లేదు గనుక కుదరదన్నారు. అన్నది ఎవరో కాదు, మన చిత్తూరు పక్క కట్టమంచి వాడు, వైస్ చాన్సలర్ రామలింగారెడ్డి. అంత చదువుకున్నవాడు, స్వాతంత్ర్యోద్యమకారుల మీద ప్రభుత్వ దమనకాండకు నిరసనగా ఒకసారి ఆ పదవే వదులుకున్నవాడు, హాస్టల్ దగ్గర మాత్రం ఆగిపోయాడు. ఆమె ఇంటికి తిరిగిపోలేదు. చదువుకోవాలని ఉండి వసతి లేక ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే రాయండని పత్రికలో ప్రకటన ఇచ్చింది. వచ్చినవాళ్లతో కలిసి బస తామే చూసుకున్నారు. లేదన్న హాస్టల్ కళ్లముందు కనిపించేసరికి ఇక కాదనడానికి కారణం మిగల్లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆమె చేసిన అతిపెద్ద మేలు అదే. అప్పటికింకా ఆమె పూర్వ విద్యార్థి కూడా కాదు, విద్యార్థీ కాదు. రూపాయి ఇవ్వలేదు. పోట్లాడింది.

సీనియర్: పోట్లాట కాదమ్మా అది. కావలసిందాన్ని చేసి చూపించింది. రామలింగారెడ్డిని తిట్టి పేపరుకు ఎక్కించిందా? లేదే. లేదన్నది తెచ్చి ముందు పెట్టింది. రెడ్డిగారు కూడా పంతానికి పోలేదు, తలుపు తీశాడు. నువ్వు చెప్పేది ఒక చెయ్యి, నేను చెప్పేది రెండో చెయ్యి. అడిగినామె ఉండాల, వినేవాడూ ఉండాల.

జూనియర్: వినేవాడు ఉన్నాడా అన్నదే ఇవాళ్టి ప్రశ్న సార్. ఆరోజుల్లో జయపురం మహారాజా విక్రమదేవవర్మ ఏటా లక్ష ఇచ్చేవాడు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి. వెంకటగిరి రాజాల పేరుతో నెల్లూరులో వీఆర్ కాలేజీ వెలిసింది. వాళ్లు రాజులు, అడగకపోయినా లెక్కలు వాళ్ల దివాణానికి నడిచొచ్చేవి. మీరు ఐదు లక్షలు కట్టి, మరుసటి ఏడు ఆ వడ్డీ ఏమైందని ఉత్తరం రాస్తే జవాబు వస్తుందా?

సీనియర్: రాకపోతే సమాచార హక్కు చట్టం ఉండాది.

జూనియర్: దానం ఇచ్చి, ఆర్టీఐ కింద పది రూపాయలు కట్టి, నా దానం ఏమైందని అడగాలా?

ఇద్దరూ నవ్వారు. చదివేవాళ్లలో ఎక్కడైనా ఏదైనా దానం చేసినవాళ్లు ఉంటే వాళ్లూ నవ్వుతారు.

సీనియర్: అమెరికాలో మనోళ్లను చూడు. గద్దె విజయ హైదరాబాదులో పుట్టింది, చిన్నప్పుడే అమెరికా పోయింది. న్యూయార్క్ యూనివర్సిటీలో లా, 2000లో పట్టా. ట్విట్టర్‌లో లీగల్ మొత్తానికీ పెద్ద అయింది. ఇరవైరెండులో మస్క్ కొనంగానే తీసేశాడు, అది వేరే కథ. చదివిన లా స్కూలుకు మాత్రం ట్రస్టీల బోర్డులో కూర్చుంది. పూర్వ విద్యార్థిని పిలిచి కుర్చీ వేశారు చూశావా?

జూనియర్: మీరే నా కేసు గెలిపిస్తున్నారు సార్. కుర్చీ వేశారు, అదే తేడా. ట్రస్టీకి లెక్క అడిగే అధికారం ఉంటుంది, డీన్ ఎదురుగా కూర్చుని ఇది బాగాలేదని చెప్పే వీలుంటుంది. మన దగ్గర 1991 విశ్వవిద్యాలయాల చట్టం కింద పాలకమండలిలో ఎవరుండాలో ప్రభుత్వం నియమిస్తుంది. పట్టభద్రులు ఎన్నుకున్నవాళ్లు సెనేట్‌లో కూర్చునే రోజులు పోయాయి. ఇప్పుడు పట్టా ఉన్నందుకు మనకు దొరికేది ఒక్కటే, తూర్పు రాయలసీమ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటు. ఆరేళ్లకోసారి వచ్చి ఫొటో ఉన్న కరపత్రం ఇచ్చిపోతారు. యూనివర్సిటీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్లు పూర్వ విద్యార్థుల విరాళాలకు కూడా మార్కులేస్తున్నారు కాబట్టి ఆఫీసులకు మన ఫోన్ నంబర్లు కావాలి, మన మాటలు అక్కర్లేదు.

సీనియర్: కుర్చీ వేయలేదని అలిగి ఇంట్లో కూర్చుంటే ఎప్పుడూ వేయరు. ముందు మనం ఆ వాకిట్లో కనపడాల. ఏడాదికి రెండుసార్లు పోయి పిల్లలకు క్రాస్ ఎగ్జామినేషన్ ఎట్టా చేయాలో చెప్పి వస్తా ఉండా. పోయినసారి ఒక పిల్లోడు సాక్షిని ఏం అడగకూడదో ఎట్టా తెలుస్తుంది అన్నాడు. నలభై ఏళ్ల ప్రాక్టీసులో జడ్జి కూడా అడగని ప్రశ్న అది. డబ్బు పోతే పోయింది, ఆ పిల్లోడి కోసమైనా పోవాల.

ఇక్కడ జూనియర్ మెత్తబడుతుందనుకున్నాను. ఈ అమ్మాయి తీరు వేరు. అవతలివాడు నిజం చెప్పిన వెంటనే ఇంకో నిజం తీసి బల్ల మీద పెడుతుంది.

జూనియర్: ఆ పిల్లోడు పట్టా తీసుకున్నాక ఎక్కడికి వస్తాడు సార్? సుప్రీంకోర్టు 2024 జులైలో తేల్చింది కాబట్టి ఎన్‌రోల్‌మెంట్‌కు 750 రూపాయలు మించి తీసుకోకూడదు, ఎస్సీ ఎస్టీలకు 125. అక్కడిదాకా బాగుంది. తర్వాత మీలాంటి ఒక సీనియర్ ఆఫీసులో చేరతాడు. నెలకు ఎంత ఇస్తారు?

సీనియర్: ...

జూనియర్: అదే ఏడాది అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పట్నాల్లో జూనియర్‌కు నెలకు ఇరవై వేలు, పల్లె ప్రాంతాల్లో పదిహేను వేలు ఇవ్వండని సర్క్యులర్ పంపింది. అంతకుముందు 2019లో మన ప్రభుత్వం లా నేస్తం పేరుతో మొదటి మూడేళ్లు నెలకు ఐదు వేలు ఇవ్వడం మొదలుపెట్టింది. సర్కారు ఇచ్చిందే తప్ప సీనియర్లు ఇచ్చారని నేను వినలేదు. మీరు యూనివర్సిటీకి ఇస్తానన్న ఐదు లక్షలు ఎవరి కష్టం? సగం మీది, సగం వాయిదాకు గూడూరు బస్సులో నిలబడి వెళ్లొచ్చిన జూనియర్లది.

సీనియర్: నా సీనియర్ నాకు పైసా ఇచ్చినోడు కాదు. పుస్తకాల బీరువా తాళం ఇచ్చాడు. అదే ఎక్కువనుకున్నా.

జూనియర్: మాగాణి తాకట్టు పెట్టే నాన్న ఉన్నాడు కాబట్టి తాళం చాలింది సార్. తాకట్టుకు మాగాణి కూడా లేనివాళ్లు ఏడాదికే నల్లకోటు మడిచి పెట్టి సెజ్‌లో షిఫ్టు డ్యూటీకి పోతున్నారు. నాతో చదివినవాళ్లలో మొదటి స్థానం వచ్చినవాళ్లకు ఏమీ కాలేదు. మధ్యలో పాసైనవాళ్లే మాయమైపోయారు.

చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదని రాయడం నాకు ఇష్టం లేదు. నిజానికి ఆయన వెంటనే గొంతు పెంచాడు, ఆఫీసు అద్దె, కరెంటు బిల్లు, గుమాస్తా జీతం, ఫీజు ఎగ్గొట్టిన కక్షిదారుల పేర్లు అన్నీ ఏకరువు పెట్టాడు. అవన్నీ నిజాలే. చిన్న ఊళ్లో ప్లీడరు ఆదాయం జనం అనుకునేదాంట్లో సగం ఉండదు. కానీ ఐదు లక్షలు ఉన్నాయని ఆయనే ఒప్పుకున్నాక ఆ వాదన నిలబడదని ఆయనకే తెలుసు. చివరికి, నువ్వే రాసి చూపించు ఎట్టుండాలో అన్నాడు.

ఆమె అప్పటికే రాసి పెట్టుకుంది. పతకం లేదు. ఐదు లక్షలు డిపాజిట్ కాదు, ఏడాదికి లక్ష చొప్పున ఐదేళ్లలో ఖర్చయిపోవాలి. ఆ యూనివర్సిటీలో లా పాసై నాయుడుపేట, సూళ్లూరుపేట, వెంకటగిరి, గూడూరు, శ్రీకాళహస్తి కోర్టుల్లో ఎక్కడైనా ప్రాక్టీసు మొదలుపెట్టే ఒకరికి మొదటి ఏడాది నెలకు ఎనిమిది వేల చిల్లర. ఎంపికకు మార్కులు చూడకూడదు, ఇంట్లో ముందు తరంలో లాయరు లేకపోవడం చూడాలి.

సీనియర్: ఐదేళ్లకు అయిపోతుందా? ఆచంద్రార్కం ఉండాలని గదమ్మా దానమంటే.

జూనియర్: గోరంత బంగారం ఆచంద్రార్కం ఉండటం మేలా, ఐదేళ్లలో ఐదుగురు కోర్టులో నిలబడటం మేలా? ఐదుగురిలో ముగ్గురైనా మిగిలితే వాళ్లే తర్వాతి ఐదు లక్షలు తెస్తారు.

సీనియర్: తేకపోతే?

జూనియర్: తేకపోతే తేరు సార్. మీరూ నలభై ఏళ్లు తేలేదు.

సీనియర్: మా నాయన పేరు?

జూనియర్: పథకానికి ఆయన పేరే పెట్టాను. చూడండి, మొదటి షరతు.

ఆయన కళ్లజోడు పెట్టుకుని మొదటి నాలుగు షరతులూ చదివాడు, రెండుచోట్ల భాష దిద్దాడు. నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ రాజ్యాంగ ముసాయిదా సంఘంలో కూర్చున్నాడు, ఆ జిల్లా గాలి పీల్చినదానివి, కామా ఎక్కడ పెట్టాలో తెలియదా అని విసుక్కున్నాడు. ఐదో షరతు దగ్గర పెన్ను ఆగింది. ఏటా జూన్ 30 లోపు ఆ సొమ్ము ఎవరికిచ్చారో, ఎంతిచ్చారో విశ్వవిద్యాలయం రాతపూర్వకంగా దాతకు తెలియజేయాలి. వరసగా రెండేళ్లు తెలియజేయకపోతే మిగిలిన సొమ్ముకు దానం రద్దవుతుంది.

సీనియర్: దానమంటే ప్రతిఫలం లేకుండా మనస్ఫూర్తిగా ఇచ్చేది. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 122, ఎప్పుడన్నా చదివావా?

జూనియర్: సెక్షన్ 126 కూడా చదివాను సార్. దాత ఇష్టాయిష్టాలతో పనిలేని ఒక సంఘటన జరిగితే దానం రద్దయ్యేట్టు ఇద్దరూ ముందే ఒప్పుకోవచ్చు. లెక్క పంపకపోవడం మీ చేతిలో లేదు, వాళ్ల చేతిలో ఉంది. షరతు చెల్లుతుంది.

సీనియర్: చెల్లుతుందమ్మా, నాకూ తెలుసు. చదివిన చోటికి షరతు పెట్టి ఇస్తామా అని. అమ్మకు చీర పెట్టి రసీదు అడిగినట్టుండాది.

జూనియర్: లెక్క అడిగితే వాళ్లకు కోపమొస్తుందనే గదా మీ భయం? కోపమొచ్చే చోటైతే డబ్బు ఇవ్వకండి. రాని చోటైతే ఈ షరతు వాళ్లకు అడ్డం కాదు. అడిగేవాడు ఒకడున్నాడని తెలిస్తే అక్కడి గుమాస్తా కూడా మీ ఫైలు అడుగున పెట్టడు.

సీనియర్: నేను పోయినాక ఎవరు చదువుతారు ఆ లెక్క? మా పిల్లోడు బెంగళూరులో ఉండాడు, ఆడికి ఈ ఊరి కోర్టు ఏవైపుందో తెలియదు.

జూనియర్: దాతకు అనే చోట, దాతకు లేదా దాత ఆఫీసును నడుపుతున్న న్యాయవాదికి అని రాద్దాం.

సీనియర్: అంటే నువ్వా?

జూనియర్: నేను ఈ ఆఫీసులో ఉంటానో లేదో తేలాలంటే, నాకు నెలకు ఎంతిస్తారో ముందు చెప్పండి సార్.